30 ఇళ్లు, ఒక రైతు, ఒక ఎకరం: పంట వాటాతో కూరగాయలు తెప్పించుకోవడం ఎలా

విత్తనం వెయ్యకముందే కొన్ని కుటుంబాలు కలిసి రైతుకు సీజన్ ఖర్చు కడతాయి. ఆ పొలంలో పండినదాన్ని వారం వారం పంచుకుంటాయి. పంట వాటా అన్నా, సీఎస్ఏ (కమ్యూనిటీ సపోర్టెడ్ అగ్రికల్చర్) షేర్ అన్నా ఇదే. ఇలాంటి ఏర్పాట్లు చెడిపోయే ముఖ్యమైన చోటు ఒకటుంది: పంట దెబ్బతింటే ఆ నష్టం ఎవరిదో ముందు మాట్లాడుకోకపోవడం. కింద చెప్పిన ప్రతి అడుగూ ఆ ఒక్క చిక్కును ముందే తీర్చిపెట్టుకోవడం కోసమే.

ఇక్కడి లెక్కలన్నీ హైదరాబాద్‌కు చేవెళ్ల, శంకర్‌పల్లి, వికారాబాద్ వైపున, బోరు కింద సాగయ్యే ఒక ఎకరానికి వేసినవి. 30 కుటుంబాలు, చలికాలంలో 16 కోతలు. ఆంధ్రలో ఉన్నవాళ్లు గుంటలను రెండున్నరతో హెచ్చవేస్తే సెంట్లు వస్తాయి.

మొదటిసారి చేసేవాళ్లు చలికాలం పంటతోనే మొదలుపెట్టండి. వానాకాలంలో కొత్తిమీర, మెంతి కుళ్లిపోతాయి. ఎండాకాలంలో బోర్లు తగ్గుతాయి, టమాటా పూత రాలుతుంది. తొలి సీజన్‌లోనే అలాంటి దెబ్బ తగిలితే రెండో సీజన్‌కు ఎవరూ మిగలరు.

1. ముందు ఇళ్లను కూడగట్టండి (జూలై)

30 ఇళ్లే ఎందుకంటే రవాణా ఖర్చు వల్ల. బండికి ట్రిప్పుకు 1,500 రూపాయలనుకుంటే 30 ఇళ్ల మీద ఇంటికి 50 పడుతుంది. అదే 12 ఇళ్లయితే 125 పడుతుంది. 40 దాటితే మొదటి ఏడాది పంపిణీ చేతికి అందదు.

ముగ్గురు బాధ్యత తీసుకోవాలి: డబ్బు చూసేవారు ఒకరు, రైతుతో మాట్లాడేవారు ఒకరు, ఆదివారం పంపిణీ చూసేవారు ఒకరు. మూడు పనులూ ఒక్కరి నెత్తినే వేస్తే సంక్రాంతి నాటికి వాళ్లు అలసిపోతారు.

ప్రతి ఇంటినీ అడగాల్సినవి:

- ఏ కూరగాయలు వారం వారం కావాలి? ఏవి అసలు తినరు?
- డిసెంబరు నుంచి మార్చి దాకా ఎన్ని ఆదివారాలు ఊళ్లో ఉండరు?
- 8,000 రూపాయలు మూడు వాయిదాల్లో కట్టగలరా?
- 6 కిలోలకు బదులు ఒక వారం 3 కిలోలే వస్తే సర్దుకుంటారా?

చివరి ప్రశ్న దగ్గర తటపటాయించిన వాళ్లను ఈ సీజన్‌కు వదిలేయండి. వాళ్లు చెడ్డవాళ్లని కాదు, వాళ్లకు కావాల్సింది కూరగాయల కొట్టు. ఇద్దరే ఉన్న ఇళ్లకు సగం వాటా ఇవ్వండి, కానీ జతగా చేరబోయే రెండో ఇంటిని వాళ్లనే వెతుక్కోమనండి. వెయిటింగ్ లిస్టులో మరో 5 ఇళ్ల పేర్లు రాసిపెట్టుకోండి. మధ్యలో ఎవరైనా మానుకుంటే పనికొస్తాయి.

2. రైతును పొలంలోనే ఎంచుకోండి (జూలై చివర, ఆగస్టు)

కనీసం రెండేళ్లుగా రకరకాల కూరగాయలు పండిస్తున్న రైతు కావాలి. పదెకరాల పత్తి వేసే రైతు ఎంత మంచివాడైనా, ఇరవై రకాల పంటను వారం వారం అందించడం అతనికి కొత్త పని. మాటలు ఫోన్లో తేల్చుకోవద్దు, పొలానికి వెళ్లి చూడండి.

పొలంలో చూడాల్సినవి:

- బోరు ఎన్ని అంగుళాలు పోస్తోంది? పోయిన మార్చిలో ఎంత పోసింది? డ్రిప్ ఉందా?
- త్రీఫేజ్ కరెంటు ఏ వేళల్లో ఉంటుంది?
- కోతులు, అడవిపందుల బెడద ఉందా? కంచె ఉందా?
- భూమి సొంతమా, కౌలా? కౌలైతే మార్చి చివరిదాకా యజమాని ఒప్పుకున్నాడా?
- పక్క చేలో ఏం వేశారు? పత్తి ఉంటే ఆ మందు గాలికి ఇటు కొట్టుకొస్తుంది. గట్టు పొడవునా మూడు నాలుగు సాళ్లు జొన్న వేయడానికి రైతు సిద్ధమేనా?
- పోయిన పంటలో టమాటా, వంగ, మిరప ఏ మళ్లలో ఉన్నాయి? ఈ మూడూ ఒకే కుటుంబం మొక్కలు. అదే మడిలో మళ్లీ ఇవే వేస్తే ఎండు తెగులు వదలదు.

మందులు కొట్టని పంట కావాలనుకుంటే రెండు చూడాలి: ఒకటి కాగితం, రెండోది పొలంలో కళ్లకు కనిపించేది. పీజీఎస్-ఇండియా అనే కేంద్ర ప్రభుత్వ సేంద్రియ గుర్తింపు పద్ధతిలో రైతుల బృందం ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకుంటారు. మందుల సాగు నుంచి సేంద్రియానికి మారే దశలో ఉన్న పొలానికి ‘పీజీఎస్ గ్రీన్’, ఆ దశ పూర్తయిన పొలానికి ‘పీజీఎస్ ఆర్గానిక్’ గుర్తింపు ఇస్తారు. ఉంటే సర్టిఫికెట్ చూపించమనండి. లేకపోతే మీ గ్రూపులో ‘ఆర్గానిక్’ అనే మాట వాడకండి. ‘మందులు కొట్టకుండా పండించినవి’ అంటే చాలు.

జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పుపిండి కలిపి పులియబెట్టేది) డ్రమ్ము చూపిస్తే చివరిసారి ఎప్పుడు కలిపారో అడగండి. కలిపిన 48 గంటలకు అది తయారవుతుంది, వారంలోపు వాడేయాలి. డ్రమ్ములో అట్టకట్టి ఎండిపోయి ఉంటే అక్కడ దాన్ని వాడట్లేదని అర్థం. వంగ మళ్లలో లింగాకర్షక బుట్టలు (మగ పురుగులను వాసనతో రప్పించి పట్టేవి), టమాటాలో పసుపు జిగురు అట్టలు కనిపిస్తే నమ్మకం పెరుగుతుంది.

ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: “బెండలో పల్లాకు వస్తే ఏం చేస్తారు?” పల్లాకు అంటే ఆకుల ఈనెలు పసుపెక్కే తెగులు, తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ వల్ల వస్తుంది. ఏ మందుకీ నయం కాదు. మొక్క పీకి పారేసి, దోమను అదుపు చేయాలి. “ఒక మందు ఉంది, కొడితే పోతుంది” అని జవాబొస్తే ఇంకో పొలం చూడండి.

3. వాటా ఎంతో కిలోల్లో రాయండి

ఒక వాటాకు వారానికి:

- కూరగాయలు 6 కిలోలు, ఐదారు రకాలు
- ఆకుకూరలు 6 కట్టలు, కట్ట 150 గ్రాములు
- పచ్చిమిర్చి గుప్పెడు, కరివేపాకు నాలుగు రెబ్బలు

ఉల్లి, బంగాళాదుంప బయట కొనుక్కుంటే నలుగురున్న ఇంటికి ఇది సరిపోతుంది.

30 ఇళ్లకు 16 వారాలకు 2,880 కిలోల కూరగాయలు కావాలి. రైతుతో మాత్రం 3,600 కిలోలకు ప్లాన్ వేయించండి. ఆ అదనపు పావు వంతు పురుగుకు, వానకు, వారం మధ్యలో రైతు బయట అమ్ముకునే కోతలకు పోతుంది. సరిగ్గా 2,880కే విత్తితే ప్రతి ఇంటికీ వారం వారం తక్కువే వస్తుంది.

4. పొలం ప్లాన్ గీసుకోండి

రైతుతో కూర్చుని 40 గుంటలనూ పంచండి. ఇలా ఉండొచ్చు:

- టమాటా: 6
- వంగ: 4
- బెండ: 4
- పందిరి పంటలు (బీర, సొర, కాకర, చిక్కుడు): 9
- గోరుచిక్కుడు, బీన్స్: 3
- క్యాబేజీ, కాలీఫ్లవర్: 4
- ముల్లంగి, బీట్‌రూట్, క్యారట్: 3
- ఆకుకూరలు: 4
- మిరప: 1
- నారుమడి, ఎరువు గుంత, దారులు: 2

గుంటలు పంచడం తేలికే. కష్టమంతా తేదీల దగ్గర ఉంటుంది. మార్కెట్టుకు పంపే రైతు పంటంతా ఒకేసారి వేసి ఒకేసారి కోస్తాడు, అది అతనికి లాభం. వాటా పద్ధతికి అదే విరుద్ధం. ప్రతి పంటనూ విడతలుగా వేయించాలి.

టమాటా: సెప్టెంబరు మొదటి వారంలో నారు పోసి, 25 రోజులకు 3 గుంటల్లో నాటాలి. నాటిన 60 నుంచి 65 రోజులకు తొలి కోత వస్తుంది, అంటే డిసెంబరు మొదటి వారం. నాలుగు వారాల తర్వాత మిగతా 3 గుంటలు నాటాలి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క రక్షక్ రకం ఆకుముడతను, ఎండు తెగులును తట్టుకుంటుంది.

బెండ: 45 నుంచి 50 రోజులకు కాపుకొస్తుంది. అక్టోబరు మధ్యలో ఒక విడత వేయండి. చలి ముదిరాక కాపు మందగిస్తుంది కాబట్టి జనవరిలో రెండో విడత పడాలి. పల్లాకును కొంత ఓర్చుకునే అర్క అనామిక మంచి ఎంపిక.

చిక్కుడు: చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. పాత పందిరి రకాలు పగలు తగ్గితేనే పూస్తాయి, జూలై, ఆగస్టుల్లో విత్తితే చలికాలమంతా కాస్తాయి. బీర, సొర చలికి వెనకబడినప్పుడు పందిరిని నిలబెట్టేది చిక్కుడే. ఆలస్యమైతే పగటి పొడవుతో పనిలేని పొద రకాలు అర్క జయ్, అర్క విజయ్ వేయించండి.

క్యాబేజీ: పదిహేను రోజుల ఎడంతో మూడు విడతలు నాటాలి. ఒకేసారి నాటితే మూడు వారాలు ఇంటికి మూడేసి గడ్డలు, తర్వాత సున్నా.

క్యారట్: ఎర్ర చెల్క నేలైతేనే వేయండి. నల్లరేగడిలో వేరు చీలి వంకరపోతుంది. అక్కడ ముల్లంగి, బీట్‌రూట్‌తో సరిపెట్టుకోండి.

ఆకుకూరలు: వారానికి 180 కట్టలంటే 27 కిలోలు. 3 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవున్న మడికి 9 కిలోలు వచ్చినా వారానికి మూడు మళ్లు కోతకు రావాలి. తోటకూర, మెంతి 25 నుంచి 30 రోజులు, పాలకూర 30 నుంచి 35, కొత్తిమీర 40 నుంచి 45 రోజులు తీసుకుంటాయి. పాలకూర, గోంగూర, చుక్కకూర మళ్లీ మళ్లీ చిగురిస్తాయి. మెంతి, కొత్తిమీర మడిని పది రోజులకోసారి కొత్తగా చల్లాల్సిందే.

ఈ తేదీలను ఒక చార్టు మీద రాసి రైతు ఇంటి గోడకు ఒకటి, మీ దగ్గర ఒకటి ఉంచండి.

5. డబ్బు లెక్క: కిలో ధర వద్దు, సీజన్ ఖర్చు వేయండి

“కిలో ఎంతకిస్తారు?” అని మొదలుపెడితే బేరంలోనే ఆగిపోతారు. ఖర్చంతా కాగితం మీద పెట్టి ఇళ్ల సంఖ్యతో భాగించండి. కింది అంకెలు నమూనా మాత్రమే. మీ ఊరి కూలి రేటు, కౌలు రేటు వేసుకోండి.

- విత్తనాలు, నారు: 9,000
- దుక్కి, మళ్లు కట్టడం: 8,000
- పశువుల ఎరువు, జీవామృతం, కషాయాలు: 8,000
- డ్రిప్ మరమ్మతు: 4,000
- పందిరి, ఊతకర్రలు: 12,000
- కూలి, 120 పనిదినాలు, రోజుకు 400 చొప్పున: 48,000
- రవాణా, 16 ట్రిప్పులు: 24,000
- క్రేట్లు, కాటా, గోనెసంచులు: 5,000
- కౌలు: 10,000

ఇక్కడికి 1,28,000. దీని మీద రైతు కుటుంబం చేసే పనికి 7 నెలలు, నెలకు 13,000 చొప్పున 91,000. అనుకోని ఖర్చులకు 21,000. మొత్తం 2,40,000. ఇంటికి 8,000, వారానికి 500.

రైతు జీతం పద్దును కొట్టేయాలని కొందరికి అనిపిస్తుంది. వద్దు. దళారి కమీషన్, మార్కెట్ ధరల మధ్య రైతుకు మిగలనిది సరిగ్గా ఆ పద్దే. అది తీసేస్తే మీ ఏర్పాటుకూ కమీషన్ కొట్టుకూ తేడా ఉండదు. సొంత భూమి అయినా కౌలు పద్దు ఉంచండి, ఆ భూమి ఇంకొకరికిస్తే అతనికి ఆ డబ్బు వచ్చేదే కదా.

వాయిదాలు:

- ఆగస్టు చివర, విత్తనానికి ముందు: 40 శాతం, ఇంటికి 3,200
- తొలి కోత రోజు: 30 శాతం, 2,400
- ఎనిమిదో కోత తర్వాత: 30 శాతం, 2,400

మొదటి వాయిదా ఆలస్యమైతే మొత్తం పథకం అర్థమే పోతుంది. రైతు అప్పు చేసేది విత్తనం వేళే. ఆ అప్పు కమీషన్ వ్యాపారి దగ్గర తెస్తే పంట కూడా అక్కడికే పోవాలి. డబ్బు రైతు బ్యాంకు ఖాతాకే పంపండి, అనుకోని ఖర్చుల 21,000 మాత్రం చివరి వాయిదాలోంచి విడిగా ఉంచండి.

6. ఒక పేజీ ఒప్పందం

తెలుగులో, మామూలు కాగితం మీద, రెండు ప్రతులు. రైతుకు చదివి వినిపించి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఉండాల్సిన అంశాలు:

- ఎన్ని గుంటలు, ఏ పంటలు, ఎన్ని కోతలు.
- శనివారం, ఆదివారం కోతల్లో వాటాలు నిండాకే మిగులు బయటికి. మిగులు రైతుదే.
- బయట కొన్నవి కలపకూడదు. తగ్గితే తగ్గినంతే పంపాలి.
- తప్పనిసరై మందు కొట్టాల్సి వస్తే కొట్టకముందే చెప్పాలి. డబ్బా మీద రాసిన గడువు ముగిసేదాకా ఆ మడి కోయకూడదు.
- మార్కెట్ ధర పెరిగినా తగ్గినా వాటా ధర మారదు.
- నష్టం: సీజన్ మొత్తం మీద మూడో వంతు దాకా తగ్గితే సభ్యులదే, అడగరు. వడగళ్లకో వరదకో పంట పూర్తిగా పోతే మూడో వాయిదా కట్టరు, కట్టినది వెనక్కి అడగరు.

చివరి నియమం ఇద్దరికీ న్యాయమేనా అని లెక్క చూసుకోండి. రెండు వాయిదాలు కలిపి 1,68,000. ఖర్చులు 1,28,000 పోను రైతుకు 40,000 మిగులుతుంది. అప్పుల్లో పడడు, సభ్యులూ చివరి 2,400 కట్టనక్కర్లేదు. తెలంగాణలో మార్చి వడగళ్లు కొత్త కాదు కాబట్టి ఈ నియమం అలంకారానికి కాదు.

7. బుధవారం ఫోన్

చెడు వార్త చెప్పడానికి రైతు మొహమాటపడతాడు. అందుకే మీరే అడగాలి. ప్రతి బుధవారం సాయంత్రం మూడు ప్రశ్నలు: ఈ ఆదివారం ఏమొస్తాయి, ఏం తగ్గుతాయి, ఏ మడిలో ఏ పురుగుంది? జవాబులు ఆ రాత్రే గ్రూపులో పెట్టండి. ముందే తెలిస్తే మూడు కిలోల వారం గొడవ కాదు.

నవంబరులో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి సభ్యులు పొలానికి వెళ్లాలి. పదిమంది కంటే ఎక్కువ వెళ్లొద్దు, రైతుకు పని ఆగిపోతుంది.

8. కోత, బండి, పంపిణీ

- శనివారం సాయంత్రం: వంకాయ, సొర, క్యాబేజీ, ముల్లంగి, టమాటా. టమాటా సగం ఎరుపెక్కినవే కోయాలి, క్రేటులో మూడు వరసలకు మించొద్దు.
- ఆదివారం తెల్లవారుజామున: ఆకుకూరలు, బెండ, బీర. ఆకుకూరల వేళ్లు నీళ్లలో ముంచి, విదిలించి, తడి గోనెసంచి కప్పాలి. ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కడితే దారిలోనే వేడెక్కి కుళ్లుతాయి.
- బెండ, బీన్స్ కడగకూడదు, తడిస్తే నల్లబడతాయి.
- ఐదున్నరకు బండి కదలాలి, ఏడుకల్లా చేరాలి.

బెండ, బీర రెండు రోజులకోసారి కోయకపోతే ముదిరిపోతాయి. మీకు వచ్చేది వారానికోసారి. మంగళ, గురువారం కోతలు రైతు ఊరి సంతలోనో రైతుబజారులోనో అమ్ముకుంటాడు. అదనంగా విత్తించిన పావు వంతులో కొంత ఇందుకే. దీన్ని ముందే ఒప్పుకోకపోతే “మన బెండకాయలు బయట అమ్ముతున్నాడు” అన్న మాట పుడుతుంది.

అపార్ట్‌మెంట్‌లో సంచులు ముందే కట్టిపెట్టకండి. బోర్డు మీద ఆ వారం వాటా రాయండి: టమాటా కిలోన్నర, వంకాయ కిలో, ఇలా. రెండు కాటాలు పెడితే ఎవరిది వాళ్లు తూచుకుంటారు. పక్కన ఒక మార్పిడి బుట్ట ఉంచండి. కాకర తినని వాళ్లు అందులో వేసి, అంతే బరువు ఇంకేదైనా తీసుకుంటారు.

ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా సమయం. తర్వాత మిగిలినవి వాచ్‌మన్ కుటుంబానికి. ఊళ్లో లేనివాళ్లు తమ వాటాను పక్కింటికి అప్పగించాలి, డబ్బు వాపసు ఉండదు. సంక్రాంతి ఆదివారం సగం అపార్ట్‌మెంట్ ఖాళీ అవుతుంది, కూలీలూ దొరకరు. ఆ వారం వదిలేసి, పండుగ ముందు ఆదివారం గుమ్మడి, చిక్కుడు, వంకాయ కాస్త ఎక్కువ పంపమనండి. గుమ్మడికి వేరే గుంటలు అక్కర్లేదు, గట్ల మీద నాలుగు పాదులు పెట్టినా చాలు. ఈ లెక్కన డిసెంబరు మొదటి ఆదివారం మొదలైతే మార్చి చివరి వారానికి 16 కోతలు పూర్తవుతాయి.

9. తేడా వచ్చినప్పుడు

వరసగా మూడు వారాలు 4 కిలోల లోపే వస్తే: చార్టు తీసి ఏ విడత విత్తలేదో చూడండి. చాలాసార్లు కారణం తెగులు కాదు, దాటిపోయిన తేదీ. ఖాళీ మళ్లలో వెంటనే ముల్లంగి, తోటకూర వేయిస్తే నెలా నెలన్నరలో కోలుకుంటుంది.

వంకాయల్లో పురుగు: మందు లేని పంటలో పదింట రెండు పుచ్చులు ఓర్చుకోవాలి. మించితే, వాలిన కొమ్మల చివర్లు వారానికోసారి తుంచి కాల్చేస్తున్నారా, లింగాకర్షక బుట్టల్లో ఎర మార్చారా అని అడగండి. ఆకుకూరల్లో చిల్లులు తప్పు కాదు. జిగటగా కుళ్లితే అది కోత తప్పో రవాణా తప్పో అయ్యుంటుంది, ఆ రోజే ఫొటో పంపండి.

టమాటా కుప్పలు: ఫిబ్రవరి, మార్చి ఎండ ఒరుగులకు మంచిది. టమాటా, వంకాయ, గోరుచిక్కుడు, కాకర ఒరుగులు పెట్టుకోవచ్చు. నిల్వ పచ్చడికి ఇంటికి ఐదు కిలోలు ఒకేసారి తీసుకుంటే రైతుకూ భారం తగ్గుతుంది.

బయట ధర ఎగిసినప్పుడు: 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లోనే కిలో టమాటా 100 రూపాయలు దాటింది. అలాంటప్పుడు రైతు మాట తప్పకుండా మీ వాటా పంపిస్తే, ధర 10కి పడినప్పుడు “బయట ఇంత చవక” అని గ్రూపులో రాయకండి. ఒప్పందం రెండు వైపులా ఒకటే.

10. సీజన్ చివరి లెక్క

మార్చి ఆఖరు ఆదివారం రైతును అపార్ట్‌మెంట్‌కు పిలవండి. ఏ వారం ఎన్ని కిలోలు వచ్చాయో, ఏ పద్దులో ఎంత ఖర్చయిందో అందరి ముందూ చదవండి. అనుకోని ఖర్చుల సొమ్ము మిగిలితే సగం రైతుకు, సగం వచ్చే సీజన్ విత్తనానికి కేటాయించవచ్చు.

సభ్యులను అడగండి: ఏ కూర ఎక్కువైంది, ఏది చాలలేదు, మళ్లీ చేరతారా? మళ్లీ చేరే ఇళ్లు 20కి తగ్గితే పక్క అపార్ట్‌మెంట్‌ను కలుపుకోండి. వచ్చే చలికాలానికి జూన్ చివరికే మాట ఖాయం చేసుకోండి, జూలైలో పందిరి కింద చిక్కుడు గింజ పడాలి.